చెరకు కయ్యల్లో డ్రోన్ బ్యాటరీల ఛార్జింగ్: పెనుమూరు దగ్గర రెండు వేసవుల కేస్ స్టడీ

2023 మే నెలలో చిత్తూరు జిల్లా పెనుమూరు పక్కన ఒక ఊళ్ళో 58 ఎకరాల చెరకుకి పీక పురుగు మందు కొట్టడానికి మాకు 6 రోజులు పట్టింది. 2024 మేలో అదే ఊళ్ళో, దాదాపు అవే కయ్యల్లో, 61 ఎకరాలు మూడున్నర రోజుల్లో అయిపోయింది. డ్రోన్ అదే, పైలట్ నేనే, బ్యాటరీలు కూడా అప్పుడూ ఇప్పుడూ నాలుగు జతలే. మార్చింది ఛార్జింగ్ చేసే పద్ధతి, దానికి తగ్గట్టు ఎగరేసే టైము, అంతే. కరెంటు లేని చోట డ్రోన్ పని చేసేవాళ్ళు నాకు తెలిసినంతలో అందరూ జనరేటర్ ఎంత పెద్దది తీసుకోవాలా అనే కాడే ఆగిపోతా ఉన్నారు, మేము కూడా మొదటి ఏడాది అక్కడే ఆగినాం, అందుకే లెక్కలతో సహా మొత్తం రాస్తా ఉన్నా.

ముందు మా సామాను. 10 లీటర్ల ట్యాంకు డ్రోన్, మందుతో కలిపి 25 కేజీల లోపే కాబట్టి డ్రోన్ రూల్స్ ప్రకారం స్మాల్ క్లాస్ కిందికి వస్తుంది. ఒక్కో బ్యాటరీ 6ఎస్ (ఆరు సెల్లులు వరసగా కలిపింది) 16000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) లైపో (లిథియం పాలిమర్ రకం), అంటే 22.2 వోల్టులు 16 ఆంపియర్ అవర్లు, గుణిస్తే 355 వాట్ అవర్లు. ఇవి రెండు కలిపి పెడితే ఒక జత, 710 వాట్ అవర్లు. ఒక ఎకరా కొట్టడానికి ఏడు ఎనిమిది నిమిషాలు గాల్లో ఉంటాం, దిగేసరికి జతలో 60 శాతం దాకా అయిపోయి ఉంటుంది. 60 శాతం అంటే 430 వాట్ అవర్లు, దాన్ని మళ్ళీ నింపేటప్పుడు ఛార్జర్‌లో పోయే నష్టం కూడా కలుపుకుంటే ప్లగ్గు కాడ 500. ఎనర్జీ మీటర్ పెట్టి చూసినా అదే వచ్చింది.

వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్, అంటే ఎకరాకి అర యూనిట్. మిగతా లెక్క అంతా దీని మీదే నిలబడుతుంది, రైతులకి కూడా యూనిట్ అంటే తెలుసు కాబట్టి వాళ్ళకి చెప్పడం కూడా సుళువు.

చోటు గురించి. ఊరికి 2 కిలోమీటర్ల అవతల, చెరువు కింద చెరకు, గట్టుకి ఒక పక్క మామిడి తోపు. రేణిగుంట ఎయిర్‌పోర్టుకి చాలా దూరం, డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే సర్కారు డిజిటల్ స్కై మ్యాపులో గ్రీన్ జోన్, పర్మిషన్ గొడవ ఏమీ లేదు. దగ్గర్లో ఇల్లు లేదు, ఇంటి కరెంటు లేదు. బోర్లకి మాత్రం త్రీఫేజ్ లైను ఉంది, పగటి పూట 9 గంటలు వస్తుంది.

మొదటి రోజు పొద్దున్నే ఒక పెద్దాయన చెప్పిన మాట ఇదే. "ఎందుకు సామీ పెట్రోలు తగలేస్తావు, మా స్టార్టర్ డబ్బా కాడ నుంచి వైరు లాక్కో, మా వాళ్ళు మిక్సీ కూడా ఆడ్నుంచే ఆడిస్తారు." మంచి మనసుతోనే చెప్పినాడు. నేను వద్దన్నా, ఎందుకు వద్దన్నానో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఫీల్డులో చాలామంది ఇదే పని చేస్తా ఉన్నారు.

త్రీఫేజ్ మోటారుకి న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే వైరు) అక్కర్లేదు, అందుకే చాలా బోర్ల కాడ స్టార్టర్ దాకా మూడు ఫేజులే వస్తాయి, న్యూట్రల్ రాదు. అక్కడ 230 కావాలంటే జనం చేసే పని, ఒక ఫేజు తీసుకుని రెండో కొసని భూమిలో కొట్టిన ఇనుప కడ్డీకి కట్టడం. మన నేల చూస్తే మే నెలలో ఎండిపోయిన ఎర్ర గరప నేల, కింద రాయి. అలాంటి నేలలో ఒక చిన్న కడ్డీ రెసిస్టెన్స్ 50 ఓమ్‌లు ఉన్నా ఆశ్చర్యం లేదు. మా ఛార్జర్ ఒకటి తక్కువలో తక్కువ 4 ఆంపియర్లు లాగుతుంది అనుకుందాం. 4 ఇంటూ 50 అంటే 200 వోల్టులు. ఆ 200 వోల్టులు కడ్డీ చుట్టూ ఉన్న నేలలోనే పడిపోతాయి, అంటే ఛార్జర్‌కి ఏమీ మిగలదు సరికదా కడ్డీ దగ్గర నేల మీద కరెంటు ఉంటుంది. చెప్పుల్లేకుండా తిరిగే మనుషులు, గట్టు మీద మేసే ఆవులు, మేకలు. నాలుగు కాళ్ళ జీవానికి ముందు కాలికీ వెనక కాలికీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి మనిషి కంటే ముందు దానికే ప్రమాదం. ఇంకొందరు రెండు ఫేజులు తీసుకుంటారు, అది 415, ఛార్జర్ అప్పుడే పోతుంది. ఇదంతా ఒక పక్క అయితే ఆ కరెంటు రైతుకి సాగు కోసం ఇచ్చింది, ఎకరాకి 450 తీసుకుని పని చేసే నేను దాంట్లో నుంచి లాక్కోవడం నాకు సమ్మతం కాదు. ఇదే మాట ఆ పెద్దాయనకి చెప్తే, "నువ్వు చెప్పేది నిజమే నాయనా, పోయినేడు మా ఎనుము ఆడనే జిల్లుమని ఎగిరింది" అన్నాడు.

సరే, 2023లో మేము తీసుకుపోయింది తిరుపతిలో పెళ్ళిళ్ళకి సామాను ఇచ్చే ఒక టెంట్ హౌస్ నుంచి బాడుగకి తెచ్చిన 2.5 కేవీఏ పెట్రోల్ జనరేటర్. రోజుకి 1200. దాని మీద రెండు ఛార్జర్లు, ఒక్కో దాంట్లో రెండు చానళ్ళు, ఒక్కో చానల్ 16 ఆంపియర్లు, అంటే ఒక ఛార్జర్ ఒక జతని 40 నుంచి 45 నిమిషాల్లో నింపుతుంది. కాగితం మీద చూస్తే ఒక్కో ఛార్జర్ ప్లగ్గు కాడ 870 వాట్లు, రెండు కలిపితే 1750, జనరేటర్ మీద 2.5 అని రాసుంది, ఇంకా మిగులే కదా అనుకున్నాం.

రెండో ఛార్జర్ ఆన్ చేయంగానే జనరేటర్ గుర్రుమని దిగిపోయింది. వోల్టేజి 190కి పడి, ఇంజను వేగాన్ని అదుపు చేసే గవర్నర్ సర్దుకునే లోపల మళ్ళీ 260 దాటి, కిందికీ మీదికీ ఊగుతా ఉంది, ఛార్జర్ ఇన్‌పుట్ ఎర్రర్ అని ఆగిపోయేది, ఆగంగానే లోడు పోయి వోల్టేజి ఇంకా పైకి లేచేది. మూడోసారికి ఒక ఛార్జర్‌లో చిన్న టప్పు మని శబ్దం, కాలిన వాసన. తిరుపతికి వచ్చినాక తెరిపిస్తే వోల్టేజి ఎక్కువైనప్పుడు అడ్డంపడే పార్టు, దాంతో పాటు ఫ్యూజు, రెండూ పోయినాయి.

కారణం తర్వాత తెలిసింది. మా ఛార్జర్లు చౌక రకం, పవర్ ఫ్యాక్టర్ (లాగే దాంట్లో నిజంగా పనికొచ్చే వంతు) సరిచేసే సర్క్యూట్ లేదు. అలాంటివాటికి పవర్ ఫ్యాక్టర్ 0.65 దగ్గర ఉంటుంది. 1750 వాట్లని 0.65తో భాగిస్తే 2700 వీఏ, అంటే 2.7 కేవీఏ, జనరేటర్ మీద రాసేది వాట్లు కాదు, ఈ లెక్కే. అంటే వాట్లలో చూస్తే సరిపోయినట్టే ఉన్నా వీఏలో మేము జనరేటర్‌ని మించిపోయినాం, అది కూడా ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళలో సీరియల్ లైట్లు మోసి అరిగిపోయిన జనరేటర్. కాబట్టి జనరేటర్ కొనేటప్పుడు ఛార్జర్ వాట్లు చూసి లెక్క వేయొద్దు, పవర్ ఫ్యాక్టర్ తెలియకపోతే వాట్లకి ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువే వీఏ ఉండేట్టు చూసుకోండి, ఇన్వర్టర్ రకం జనరేటర్ (లోపలి ఎలక్ట్రానిక్స్ వోల్టేజిని నిలకడగా ఉంచేది) అయితే వోల్టేజి ఊగడం అనే గొడవే ఉండదు.

ఆ రోజు మిగిలింది ఒక ఛార్జర్. ఇంటి నుంచి నింపుకొచ్చిన 4 జతలతో 4 ఎకరాలు, అక్కడ ఛార్జ్ చేసి 5 ఎకరాలు, మొత్తం 9. జనరేటర్ పొద్దున 8:30 నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది, తాడు లాగి స్టార్ట్ చేయడం కష్టం కాబట్టి ఆపలేదు. 7 లీటర్లు తాగింది. 5 ఎకరాలకి రెండున్నర యూనిట్లు, లీటరు 110 చుట్టుపక్కల వేసుకుంటే 770 రూపాయలు, అంటే యూనిట్ 300 రూపాయలు పడింది. ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని ఈ లెక్క వేసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. చిన్న జనరేటర్ లోడు ఉన్నా లేకపోయినా గంటకి అర లీటరు పైనే తాగుతుంది, నింపుగా లోడు మీద నడిస్తేనే లీటరుకి ఒకటిన్నర యూనిట్ అయినా వస్తుంది. మాది రోజులో ఎక్కువ భాగం ఖాళీగానే తిరిగింది.

మరి ఎందుకు ఖాళీగా తిరిగింది? ఇదే అసలు విషయం, కానీ మాకు మూడో రోజు దాకా అర్థం కాలేదు.

రెండో రోజు మేము ఇంకా కరెంటు చాలడం లేదనే అనుకుంటా ఉన్నాం. ఒక రైతు ట్రాక్టర్ బ్యాటరీ ఇచ్చినాడు, మా ఛార్జర్‌కి డీసీ ఇన్‌పుట్ కూడా ఉంది, 10 నుంచి 30 వోల్టులు అని రాసుంది, సరే దానికి తగిలించి చూద్దామని మా దగ్గరున్న 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరు 3 మీటర్లు లాగి కట్టినాం. ఆ వైరు మీటరుకి 7.4 మిల్లీ ఓమ్‌లు, పోను రాను 6 మీటర్లు, 40 ఆంపియర్లు లాగితే వైరులోనే దాదాపు 1.8 వోల్టులు పోతుంది. 12 వోల్టుల్లో 1.8. బ్యాటరీ కూడా కుంగింది, ఛార్జర్ 10 కిందికి పడి ఆగిపోయింది, వైరు ముట్టుకుంటే కాలుతా ఉంది. అదే 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అయితే 0.3 వోల్టు కూడా పోదు. తక్కువ వోల్టేజి డీసీతో పని చేసేటప్పుడు వైరు మందం మీద పిసినారితనం చేయకూడదని ఆ రోజు నేర్చుకున్నాం.

మూడో రోజు నేను మందు కలిపే చోట లేజర్ థర్మామీటర్ ఒకటి ఉంటే, ఊరికే దిగిన బ్యాటరీ మీద పెట్టి చూసినా. 57 డిగ్రీలు. అప్పుడు టైము 11, నీడలో గాలి 39. లైపోని 45 దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, నేనైతే 42 దాటితే పెట్టను. మా బ్యాటరీలు చెట్టు నీడలో పక్కపక్కన పేర్చి పెట్టి ఉండేవి. గంటా పది నిమిషాల తర్వాత చూస్తే 44. ఎందుకు చల్లారుతుంది చెప్పండి, చుట్టూ గాలే 39 ఉంటే, గాలి కదలకుండా ఉంటే, రెండు కేజీల బ్యాటరీ తన వేడి ఎవరికి ఇస్తుంది.

అంటే మా నాలుగు జతల్లో ఎప్పుడు చూసినా రెండున్నర జతలు చల్లారడానికి ఎదురు చూస్తా ఉన్నాయి. జనరేటర్ తిరుగుతా ఉంది, ఛార్జర్ ఖాళీ. 5 కేవీఏ జనరేటర్ తెచ్చి పెట్టినా ఒక్క ఎకరా కూడా ఎక్కువ వచ్చేది కాదు.

దీని పక్కనే ఇంకో తప్పు జరిగింది, చెప్పకపోతే ఈ కేసు సగమే అవుతుంది. నాలుగో రోజు నేను చెరకులో ఉన్నప్పుడు హెల్పర్‌గా ఉండే మా తమ్ముడు పని ఆగిపోతుందని వేడి మీదే ఒక జత ఛార్జ్‌కి పెట్టినాడు. తప్పు వాడిది కాదు, నేను వాడికి నంబర్ చెప్పలేదు, "కొంచెం చల్లారినాక పెట్టు" అన్నానంతే. అరగంట తర్వాత ఒక బ్యాటరీ పక్క ఉబ్బింది. సెల్లుల మధ్య తేడా చూస్తే ఒకటి 4.19, ఇంకోటి 4.02. వెంటనే తీసి ఇసుక పోసిన ఇనుప ట్రంకు పెట్టెలో పెట్టి, తోపుకి దూరంగా ఖాళీ నేలలో పెట్టినాం. మే నెల చెరకు చుట్టూ ఎండిన ఆకు ఎట్లా ఉంటుందో తెలుసు కదా, ఒక్క నిప్పురవ్వ చాలు, రైతు ఏడాది కష్టం బుగ్గి అవుతుంది. ఆ మధ్యాహ్నం అంతా నేను ఆ పెట్టె పక్కనే కూర్చున్నా. సాయంత్రం లారీ హెడ్‌లైట్ 24 వోల్టుల బల్బు తగిలించి మెల్లగా ఖాళీ చేసినాం. అప్పటి నుంచి మా పెట్టె మూత మీద పెయింటుతో రాసి ఉంటుంది: 40 దాటితే తాకొద్దు. నాకు 42 అయినా తమ్ముడికి 40 అని రాసిపెట్టినా, రెండు డిగ్రీలు చేతిలో ఉండనీ అని.

ఆ ఆరు రోజులకి 42 లీటర్ల పెట్రోలు, 7200 బాడుగ, ఒక ఛార్జర్ రిపేరు, ఒక బ్యాటరీ చెత్తలోకి. మా బ్యాటరీ ఒకటి అప్పుడు 22 వేలు.

తర్వాత ఏం మార్చినాం

ఖరీదైన మార్పు కంటే ముందు చౌకదాని గురించి రాస్తా, ఎందుకంటే ఎక్కువ ఫలితం దాంతోనే వచ్చింది.

టమోటా క్రేట్లు తెలుసు కదా, మదనపల్లి మార్కెట్ అంతా అవే, చుట్టూ బొక్కలుండే ప్లాస్టిక్ క్రేట్లు. అవి రెండు తీసుకుని ఒకదాని మీద ఒకటి బోర్లించి కట్టి, మూడు పక్కలా గోనెసంచి చుట్టి, నాలుగో పక్క లారీ క్యాబిన్లలో పెట్టుకునే 24 వోల్టుల చిన్న ఫ్యాను గాలిని బయటికి లాగేట్టు పెట్టినాం. లోపల చెక్క పట్టీల మీద బ్యాటరీలు నిలబెట్టి, ఒకదానికొకటి రెండు వేళ్ళ సందు. గోనెసంచి మీద బోరు నీళ్ళు చెంబుతో అప్పుడప్పుడు పోయడం. మా అమ్మమ్మ ఇంట్లో ఎండాకాలం కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు, అదే సూత్రం. మన చిత్తూరు ఎండ పొడి ఎండ కాబట్టి తడి గోనె గుండా వచ్చే గాలి బాగా చల్లబడుతుంది, బయట 39 ఉంటే లోపల 31 చూపించింది. 57 డిగ్రీల బ్యాటరీ 15 నిమిషాల్లో 40కి దిగింది. గంట దాటినా రానిది 15 నిమిషాల్లో వచ్చింది.

జాగ్రత్త రెండిటి మీదే. కనెక్టర్లకి రబ్బరు మూతలు వేసి పైకి చూసేట్టు పెట్టాలి, నీళ్ళు కారేది బయటి పక్కకే ఉండాలి. కొందరు బ్యాటరీని కవర్లో పెట్టి నీళ్ళ తొట్లో ముంచుతారు, మెత్తటి పౌచ్ లైపోలకి నేను ఆ పని చేయను, కవర్‌కి ఒక్క చిల్లు ఉన్నా అయిపోయినట్టే.

ఇంక కరెంటు. ఒక టాటా ఏస్ బండి వెనక 25.6 వోల్టుల 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ బ్యాంకు పెట్టించినాం, అంటే కరెంటు నిలవ చేసుకునే పెద్ద బ్యాటరీ. 8 సెల్లులు సిరీస్, గుణిస్తే 5.12 యూనిట్లు, 90 శాతం వాడుకుంటే 4.6. ఫుల్ ఛార్జ్ అప్పుడు 29.2 వోల్టులు వస్తుంది, మా ఛార్జర్ల డీసీ ఇన్‌పుట్ 30 దాకా తీసుకుంటుంది కాబట్టి మధ్యలో ఇన్వర్టర్ పెట్టే పని లేదు, నేరుగా డీసీ నుంచి డీసీ. దీంతో ఎకరాకి అర యూనిట్ ఉండేది 0.47కి దిగింది, పవర్ ఫ్యాక్టర్ అనే మాటే లేదు, రెండు ఛార్జర్లు ఒకేసారి నడిస్తే 66 ఆంపియర్లు, 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, బ్యాంకు ప్లస్ దగ్గరే 100 ఆంపియర్ల ఫ్యూజు. లెడ్ యాసిడ్ పెడితే సగానికే ఆగాలి, ఇంత ఎనర్జీకి బరువు చాలా ఎక్కువ, అందుకే వద్దనుకున్నాం.

బండి మీద 540 వాట్ల సోలార్ ప్యానెళ్ళు రెండు. ఇక్కడ రెండు సంగతులు. ఒకటి, ఈ ప్యానెల్ ఓపెన్ వోల్టేజి (ఏమీ తగిలించనప్పుడు వచ్చేది) 49 దాకా ఉంటుంది, రెండు సిరీస్ పెడితే 98, ప్యానెల్ కరెంటుని బ్యాంకుకి సర్ది పంపే మా కంట్రోలర్ లిమిట్ 100, చల్లటి పొద్దున వోల్టేజి ఇంకా పెరుగుతుంది కాబట్టి అది హద్దు మీద నడవడమే, అందుకే ప్యారలల్ పెట్టినాం. రెండు, ఏటవాలుగా పెట్టడానికి స్టాండు చేయించాలా అని చాలా ఆలోచించినాం, అక్కర్లేదు. చిత్తూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఏప్రిల్ ఆఖర్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి మేలో కాస్త ఉత్తరానికి జరుగుతాడు, కాబట్టి వేసవి పనికి పడుకోబెట్టిన ప్యానెలే బాగుంటుంది. మీద రాసిన 1080 వాట్లు మాత్రం ఎప్పుడూ రావు. మధ్యాహ్నం ప్యానెల్ వేడి చూస్తే 66 డిగ్రీలు, 25 దాటిన ప్రతి డిగ్రీకి 0.35 శాతం పోతుంది, అంటే 14 శాతం వేడికే, దుమ్మూ మిగతా నష్టాలూ కలిపి మేము చూసిన ఎక్కువలో ఎక్కువ 780 వాట్లు. రోజంతా కలిపి 3.8 యూనిట్లు వచ్చింది. పొద్దున ఒకసారి నీళ్ళు కొట్టి తుడవడం మర్చిపోకూడదు, మట్టి దారిలో పోయిన బండి కదా.

ఒక చిన్న ఇన్వర్టర్ జనరేటర్ కూడా ఉంది కానీ అది ఛార్జర్లని నేరుగా నడపదు. బ్యాంకుని 1.1 కిలోవాట్ల దగ్గర నిలకడగా నింపుతుంది, అవసరమైన గంట నింపుగా లోడు మీద తిరిగి ఆగిపోతుంది. మొదటి ఏడాది చేసిన పెద్ద తప్పు ఇక్కడ సరి అయింది. బండికి పది మీటర్లు దూరంగా, గాలి పోయే పక్కకి, ఆకు ఊడ్చిన నేల మీద పెడతాం.

రాత్రికి బండి ఒక రైతు ఇంటి ముందు. ఆయన ఇంటి ప్లగ్గు నుంచి బ్యాంకూ 4 జతలూ నిండుతాయి. "దుడ్లు ఎందుకు నాయనా, ఫోనుకి పెట్టుకున్నట్టే కదా" అన్నాడు, రాత్రికి 7 యూనిట్లు పెద్దాయనా, ఫోను కాదు అని చెప్పి సబ్ మీటర్ చూపించి లెక్క కట్టి ఇచ్చినాం.

2024 మే ఎట్లా జరిగిందంటే

ఇంకో మార్పు టైములో. ముందేడు 8:30కి మొదలుపెట్టి నడి ఎండలో కూడా ఎగరేసినాం. ఎండలో మందు చినుకు ఆకు మీద పడేలోపే ఆవిరి అవుతుంది, గాలి కూడా లేస్తుంది, రైతుకి నష్టం, బ్యాటరీకి నష్టం. ఈసారి పొద్దున 6 నుంచి 10:30, మళ్ళీ సాయంత్రం 4 నుంచి 6:30. మధ్యలో ఐదున్నర గంటలు మామిడి తోపులో ఛార్జింగ్. సోలార్ ఎక్కువ వచ్చేది సరిగ్గా అప్పుడే, మేము ఎగరేయకూడని టైమే ప్యానెల్‌కి మంచి టైము, ఈ రెండూ ఇంత బాగా కుదురుతాయని ముందు నేను అనుకోలేదు. బండి మాత్రం ఎండలో, మనుషులూ బ్యాటరీలూ నీడలో, మధ్యలో 6 మీటర్ల పొడవున లావు కేబుల్.

మొదటి రోజు పొద్దున 12, సాయంత్రం 9, మొత్తం 21 ఎకరాలు. రాత్రి నింపిన జతలతో 4 పోతే కయ్య కాడ 17 సార్లు ఛార్జ్ చేసినాం, 8 యూనిట్లు. బ్యాంకు 4.6, సోలార్ 3.8. జనరేటర్ ఒక గంట తిప్పినాం, అది కూడా బ్యాంకు మరీ అడుగుకి పోకుండా ఉండాలని.

రెండో రోజు 20. ఆ సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు, గంట సేపు వాన. తోతాపురి కాయలు రాలిపోయి ఆ తోపు రైతు మొహం చూడలేకపోయినాం. మూడో రోజు తెల్లారి ఉక్కపోత, మబ్బు. గాలిలో తేమ ఉంటే తడి గోనె పని చేయదు, లోపల గాలి 33 కంటే దిగలేదు, బ్యాటరీ చల్లారడానికి 15 నిమిషాలు పట్టేది 25 పట్టింది. సోలార్ రోజు మొత్తానికి 2 యూనిట్లు. గాలి కూడా ఆగి ఆగి వీస్తా ఉంది, 14 ఎకరాలే అయినాయి. జనరేటర్ ఆ రోజు మూడు గంటలు నడిచింది. జనరేటర్ లేకుండా సోలార్ మీదే పోదామా అని మా తమ్ముడు ముందు అడిగినాడు, ఈ ఒక్క రోజు చూసినాక మళ్ళీ అడగలేదు. నాలుగో రోజు పొద్దున మిగిలిన 6 ఎకరాలు కొట్టి 9 గంటలకి బండి సర్దేసినాం.

మొత్తం 61 ఎకరాలకి 5 లీటర్ల పెట్రోలు. ముందేడు 42. ఎన్నికల నెల కాబట్టి బంకుల్లో క్యాన్‌లోకి పోయడానికి వెనకాడినారు, చెక్‌పోస్టు కాడ బండి ఆపి ఆ బ్యాటరీ పెట్టెలన్నీ తెరిపించి చూసినారు కూడా, అలాంటి టైములో 42 లీటర్లు ఎట్లా తెచ్చేవాళ్ళమో నాకు తెలియదు.

ఖర్చు దాచను. అప్పుడు మాకు బ్యాంకు 84 వేలు, ప్యానెళ్ళు కంట్రోలర్ కేబుళ్ళు కలిపి 37 వేలు, ఇన్వర్టర్ జనరేటర్ 50 వేల దగ్గర. క్రేట్లూ గోనెలూ ఫ్యానూ కలిపి 900 రూపాయలు. ఎవరైనా కొత్తగా మొదలుపెడతా ఉంటే, డబ్బులు తక్కువ ఉంటే, ముందు ఆ 900 ఖర్చు పెట్టండి, తర్వాత మంచి ఇన్వర్టర్ జనరేటర్, తర్వాత బ్యాంకు. సోలార్ చివర. ఏడాదిలో 40 రోజుల కంటే తక్కువ పని ఉంటే సోలార్ అసలు అక్కర్లేదని నా అభిప్రాయం. సర్వే చేసే చిన్న డ్రోన్లయితే లెక్క వేరే, వాటి బ్యాటరీ ఒకటి 80, 90 వాట్ అవర్లే, ఒక్క ప్యానెలూ ఒక చిన్న బ్యాంకూ ఉంటే రోజంతా గడిచిపోతుంది, వాళ్ళకి జనరేటర్ మోసే పనే లేదు.

బ్యాటరీల సంగతి చెప్పి ఆపేస్తా. ముందేడు కొన్న 8 బ్యాటరీల్లో ఒకటి ఉబ్బిపోయింది, ఇంకో రెండు 140 సైకిళ్ళకే (ఒకసారి నింపి వాడితే ఒక సైకిల్) ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే బ్యాటరీ లోపలి అడ్డు, సెల్లుకి 4 మిల్లీ ఓమ్‌లు దాటిపోయి, ట్యాంకు నిండుగా లేచేటప్పుడు వోల్టేజి ఒక్కసారిగా కుంగేది, పక్కన పెట్టేసినాం. వాటి బదులు తెచ్చిన మూడూ మొదటి రోజు నుంచి గోనె పెట్టెలో చల్లారినవే, 40 దాటి ఎప్పుడూ ఛార్జ్ కాలేదు, పని లేని రోజుల్లో సెల్లుకి 3.8 దగ్గర ఉంచినాం. వాటికి ఇప్పుడు 165 సైకిళ్ళు, రెసిస్టెన్స్ కొన్నప్పుడు 1.5 ఉండేది 2.1కి వచ్చింది. ప్రతి నెలా ఒకటో తేదీ కొలిచి పెట్టె మూత లోపలి పక్క రాస్తా ఉన్నాడు మా తమ్ముడు.